నెల అడగని సాలు

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర దిగి మల్లేశయ్య ఇల్లెక్కడని అడిగితే ఆటోవాళ్లు దారి చెప్పకముందే ఎదురు ప్రశ్న వేస్తారు: "కాయితం తెచ్చినవా?" అని. ఆయన ఇంటికి ఉత్త చేతులతో వచ్చేవాళ్లు తక్కువ. చంకలో ప్లాస్టిక్ కవరు, కవరులో తాతలనాటి కాగితం, దాని మీద చీమలు బారు కట్టినట్టు ఉర్దూ రాత. అదీ మామూలు ఉర్దూ కాదు. షికస్తా అంటారు. నిజాం కాలపు గుమాస్తాలు చేయి ఎత్తకుండా, చుక్కలు పెట్టకుండా పరుగు మీద రాసిన గొలుసుకట్టు. ఉర్దూ బడిలో చదివిన పిల్లలు కూడా దాన్ని చూసి తల గోక్కుంటారు. మల్లేశయ్య మాత్రం అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని, కాగితాన్ని వెలుగుకు పట్టి, ముందే కంఠతా వచ్చినట్టు చదివేస్తాడు.

ఎనభై ఏడేళ్ల మనిషి. చదివింది ఊరి బడిలోనే. అయినా ముగ్గురు తహసీల్దార్లు ఆయన గడప తొక్కారు. మంచాల అనే ఊళ్లో ముప్పై ఏళ్లు మాటల్లేని అన్నదమ్ములకు వాళ్ల తాత రాయించిన బావి వాటాల కాగితం చదివి వినిపించి, ఇద్దరినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టినవాడు ఆయనే. పెద్ద అంబర్‌పేట్ పక్కన ఒక బండ్లబాట ఊరందరిదని పాత నక్షా చదివి తేల్చిందీ ఆయనే. బాలాపూర్ నుంచి ఒక ముసలామె తన పెండ్లినాటి కాగితం పట్టుకొస్తే, అందులో ఆమె తల్లి పేరు ఉందని చదివి చెప్పాడు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయిందట ఆమెకు. డెబ్బై ఏళ్ల వయసులో తల్లి పేరు మొదటిసారి విని, ఆయన వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. అలాంటివి ఎన్నని చెప్పేది!

ఈ విద్య ఆయనకు అబ్బింది బడి పంతులు దగ్గర. అప్పట్లో ఇక్కడ నిజాం సర్కారు బడి, ఉర్దూలో చదువు. పంతులును పిల్లలందరూ మౌల్వీసాబ్ అనేవారు. సన్నటి మనిషి, చేతిలో వేపబెత్తం, నోట్లో తమలపాకు. మల్లేశయ్య మూడో తరగతిలో ఉండగా రాజ్యం మారింది, బడి తెలుగులోకి మారింది. పిల్లలంతా పలకలు తుడిచేసుకున్నారు గానీ, ఈయన మాత్రం మౌల్వీసాబ్ ఇంటికి పోయి పాత రాత నేర్చుకుంటూనే ఉన్నాడు. పదహారో ఏట ఖాస్రా పహాణీ, అంటే పొలాల లెక్క, రాసేవాళ్ల వెంట కొలత గొలుసు మోశాడు. ఆపైన తాలూకా కచేరీ రికార్డు గదిలో అటెండరు. ముప్పై ఆరేళ్ల నౌకరీలో ఒక్క కట్ట తప్పిపోలేదు, ఒక్క కాగితానికి చెదలు పట్టలేదు.

మౌల్వీసాబ్ రెండు మాటలు నేర్పాడు. "సాలు అడిగితే ముందు నెల అడుగు" అన్నది ఒకటి. సాలంటే సంవత్సరం. నిజాం సర్కారుది ఫసలీ లెక్క. కొత్త సాలు అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. అందుకే ఫసలీ సాలుకు మొదటి మూడు నెలలైతే అయిదువందల తొంభై కలపాలి, నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి అయిదువందల తొంభై ఒకటి కలపాలి. అప్పుడే ఇంగ్లీషు సంవత్సరం సరిగ్గా వస్తుంది. నెల తెలియకుండా లెక్క చెబితే ఒక ఏడాది అటో ఇటో తప్పిపోతుంది. రెండో మాట, "రిజిస్టరులో తప్పు పోతే గీకొద్దు" అని. ఒక్క గీత కొట్టు, పక్కన సరైనది రాయి, సంతకం పెట్టు. తప్పు కూడా కనబడాలి, దిద్దినవాడు కూడా కనబడాలి.

మల్లేశయ్య చెప్పుకునే ఘనతల్లో అన్నిటికన్నా పెద్దది మాత్రం బడి వయసు తేల్చిన కథ. యాభై ఏళ్ల కిందట అప్పటి హెడ్మాస్టరు బడికి స్వర్ణోత్సవం చేయాలనుకున్నాడు. పాత రిజిస్టరు ఎక్కడుందో దొరకలేదు. ఎవరో పెద్దాయనకు 'పదమూడువందల ముప్పై అయిదు ఫసలీ' అన్న ముక్క గుర్తుంది. హెడ్మాస్టరు కచేరీకి వచ్చి, అందరి ముందూ "మల్లేశ్, గీ సాలంటే ఎంత?" అని అడిగాడు.

"సారు నోట్లకెల్లి మాట పూర్తిగ పడనే లేదు, పందొమ్మిదివందల ఇరవై అయిదు అని చెప్పిన! కచేరిల అందరు నోరు తెర్సిన్రు" అని మల్లేశయ్య ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చిటికె వేసేవాడు. ఆ సంవత్సరమే బడి గేటు స్తంభం మీద రంగుతో రాశారు: స్థాపితం 1925. ఆ లెక్క ప్రకారమే ఈసారి నవంబరు ఆఖరి ఆదివారం నూరేళ్ల పండగ పెట్టుకున్నారు. కార్డులు అచ్చు వేశారు. కార్డులో "బడి పుట్టిన సంవత్సరం తేల్చిన పెద్దలు శ్రీ మల్లేశయ్య గారికి సన్మానం" అని ఒక వరుస కూడా ఉంది. ఆ వరుసను నర్సమ్మకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె ఆయన భార్య.

"ఒక్కసారి ఇంటే సమజ్ కాదా నాకు?" అంది నర్సమ్మ.

రోజూ పొద్దున తొమ్మిదికి సాగర్ రోడ్డు మీది చాయ్ హోటల్ బయటి బల్ల మీద మల్లేశయ్య కూర్చుంటాడు. ఎదురుగా తాతారావు. ఆయనది తెనాలి వైపు పల్లె. యాభై ఏళ్ల కిందట ఇక్కడికొచ్చి విత్తనాల దుకాణం పెట్టి, ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పాడు. ఇద్దరికీ ఏడాదే తేడా. ఇద్దరి తగువూ ఒకటే: దేశంలో ముందు కలిసింది ఎవరు?

"మాకు పంద్రాగస్టుకే స్వాతంత్ర్యం వచ్చిందండీ. మా బడిలో నా చేతికి కాగితం జెండా ఇచ్చి లడ్డూ పెట్టారు. మీరు పదమూడు నెలల తర్వాత వచ్చిన తమ్ముళ్లు" అంటాడు తాతారావు.

"నీకు లడ్డు పెట్టిన దినం మా బడిల మెహర్ నెల నడుస్తున్నది. ఆగస్టు అంటే ఏందో మాకు తెల్వదు. తెల్లోని తారీఖు వేరే, మా తారీఖు వేరే" అంటాడు మల్లేశయ్య. "నీకు ఒక్క మబ్బే. మాకు రెండు. పైన తెల్లోడు, కింద నిజాం. ఒకటి పోయినా ఇంకోటి ఇడ్వలే. నువ్వు లడ్డు అరాయించుకునే యాల్లకు మా నాయిన మమ్ముల తీస్కపోయి రాచకొండ గుట్టల్ల దాసిండు. తెల్సా?"

"తెలుసండీ. రోజూ చెబుతారుగా. అయినా ఇంగ్లీషువాడు రైలేశాడు, తపాలా పెట్టాడు, దేశమంతా ఒకటే చట్టం పెట్టాడు. మనం ఒకటయ్యామంటే సగం వాడి చలవే."

"చలవ గాదు, తాడు!" మల్లేశయ్య గ్లాసు కింద పెడతాడు. "మా సర్కారు గూడ రైలేసింది, తపాలా పెట్టింది, సొంతం రూపాయి కొట్టింది. ఎవని పొయ్యి వానిదే. సూడు తాతారావు, తెల్లోడు తాడు పేనింది మనల్ని కట్టనీకె. రాజులు తలా ఒక ముడి ఏసిన్రు, మా ముక్క మాదేనని. తెల్లోడు పొయ్యినంక మనం గా తాడు పారేయలే, ముడులు గూడ కోయలే. చేదబాయికి ఏస్కొని నీళ్లు చేదుకున్నం. ముడులున్న తాడే చేతికి జారది."

"బాగానే పేనారు. చాయ్ చల్లారింది, తాగండి."

అలా పండగ ఎనిమిది రోజులుందనగా ఒక పొద్దున, ఇద్దరూ తగువు మధ్యలో ఉండగానే, బడి హెడ్మాస్టరు రఘునందన్ బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఈ బడిలోనే చదివినవాడు. వెనకాల సీటు మీద గుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకం కట్టి ఉంది.

"బాపూ, పండుగకని పాత గది సాఫ్ చేయిస్తుంటే అటక మీద దొరికింది. బడి మొదటి రిజిస్టర్! అంతా మీ ఉర్దూనే. మొదటి పేజీ సదివి చెప్పున్రి, స్టేజీ మీద పెట్టి చూపిద్దాం."

మల్లేశయ్య చేతులు తుడుచుకొని అట్ట తెరిచాడు. మొదటి పేజీ మీద మౌల్వీసాబ్ కంటే ముందటి పంతులు చేతి రాత. వేలు పెట్టి మొదలుపెట్టాడు: "మదర్సా... ఇబ్రహీంపట్నం... తారీఖ్ ఇఫ్తితాహ్, అంటే తెరిచిన తారీఖు..." అక్కడ వేలు ఆగింది.

ఇస్ఫందార్, 1335 ఫసలీ.

నాలుగో నెల. జనవరి. తొంభై కాదు, తొంభై ఒకటి. బడి తెరిచింది పందొమ్మిదివందల ఇరవై ఆరులో.

"సదువున్రి బాపూ."

"కండ్లు మసక మసక కొడ్తున్నయ్ రఘూ. పుస్తకం ఇంట్ల పెట్టిపో. రేపు సదువుత."

తాతారావు ఆయన మొహంలోకి ఒకసారి చూశాడు. ఎన్నడూ కండ్లు మసకేశాయని చెప్పని మనిషి. తగువును సగంలోనే వదిలేసి లేచాడు. అదీ ఎన్నడూ జరగనిదే.

ఆ పొద్దుమూకేదాకా మల్లేశయ్య రిజిస్టరు ముందు నుంచి లేవలేదు. నెల అడగాలని నేర్పిన బడికే నెల అడగకుండా సాలు చెప్పాడు. హెడ్మాస్టరు నోట్లోంచి మాట పడకముందే చెప్పానని చిటికెలు వేశాడు, యాభై ఏళ్లు. ఘనతనుకున్నదే తప్పయి కూర్చుంది. ఇప్పుడు ఎవరికి తెలుస్తుంది? ఈ రాత చదివేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. తాను నోరు మూసుకుంటే చాలు, శాలువా పడుతుంది, స్తంభం మీది అంకె అలాగే ఉంటుంది. ఒక్క నెలన్నర ముందు పండగ చేస్తే కొంప మునుగుతుందా? నోరు విప్పితే మాత్రం రేపటి నుంచి కాగితం తెచ్చే ప్రతివాడూ అనుకుంటాడు: ముసలాయన బడి వయసే తప్పు చెప్పిండు, మా తాత కాగితం సరిగ్గ సదివిండో లేదో, అని. ఉన్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

పేజీలు తిప్పాడు. పదమూడువందల యాభై నాలుగు ఫసలీలో తన పేరు కనబడింది: మల్లేశ్, తండ్రి పేరు, వ్యవసాయం. ఇంకా తిప్పాడు. యాభై ఏడు, ఆబాన్ నెల దగ్గర రాత ఆగిపోయింది. అది రాజ్యం మారిన నెల. కొన్ని వరుసలు ఖాళీగా ఉన్నాయి, బడి మూసిన రోజులు. మళ్లీ మొదలైన చోట మౌల్వీసాబ్ రెండు తారీఖులు వేశాడు, పైన ఫసలీ, కింద ఇంగ్లీషు. ఉర్దూ రాత నల్లేరు మీద బండిలా పోతుంటే, కింద ఇంగ్లీషు అంకెలు మాత్రం కొత్తగా నడక నేర్చిన పిల్లల్లా తడబడుతున్నాయి. రాజ్యం పోయిందని ఆ మనిషి ఏడ్చాడో, బెదిరాడో తెలియదు గానీ, రేపటి నుంచి పిల్లలకు దేశమంతటి తారీఖు కావాలని మాత్రం కూర్చొని నేర్చుకున్నాడు. తెనాలిలోనూ మంచాలలోనూ ఒకే పొద్దున పలక మీద ఒకే తారీఖు రాయడం అలా మొదలైంది.

నాలుగు పేజీల తర్వాత మల్లేశయ్య వేలు మళ్లీ ఆగింది. ఇస్ఫందార్, 1358. దాని కింద మౌల్వీసాబ్ 1948 అని వేశాడు. తొంభైయే కలిపాడు! ఆపైన దాని మీద ఒక్క గీత. పక్కన 1949. దాని పక్కన సంతకం.

మల్లేశయ్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నర్సమ్మ పొయ్యి మీద రొట్టె తిప్పుతూ, "పొద్దుగాల్నుంచి గా బుక్కు ముంగట ముడుసుకొని కూసున్నవ్. ఎవలన్న సచ్చిన్రా అండ్ల?" అని అడిగింది.

చెప్పాడు. మొత్తం చెప్పాడు. కార్డులో వరుస ఉండదేమో అని కూడా చెప్పాడు.

నర్సమ్మ రొట్టె దించి, "తప్పు నీది. బడిది గాదు గద?" అంది. "నీ తప్పు నువ్వు మోసుకోక దానికి లేని ఏడాది ఎందుకు అంటగడ్తవ్? తిను, సల్లారుతది."

మర్నాడు పొద్దున మల్లేశయ్య రిజిస్టరు చంకన పెట్టుకొని హోటల్‌కు వచ్చాడు. రఘునందన్‌ను అక్కడికే పిలిపించాడు. ఇంట్లో చెప్పొచ్చు, బడిలో చెప్పొచ్చు. కానీ తాతారావు ముందు చెప్పగలిగితే ఇంకెవరి ముందైనా చెప్పగలనని ఆయన లెక్క. పుస్తకం తెరిచి, ఇస్ఫందార్ మీద వేలు పెట్టి, మౌల్వీసాబ్ దిద్దుబాటుతో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

రఘునందన్ మొహం వాడిపోయింది. "అయిదువందల కార్డులు పంచినం బాపూ. టెంటోనికి చెప్పినం, వంటోనికి చెప్పినం. పాత సదువుకున్నోళ్లు ముంబయికెల్లి టికెట్లు తీస్కున్నరు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గిది మన ముగ్గురికే తెల్సు. ఒక్క ఏడాదే గద, గట్లనే ఉండనియ్యున్రి. ఎవడు సదువుతడు గీ రాత?"

"ఎవడు సదవడనే నా పరేషాని!" మల్లేశయ్య గొంతు పెరిగింది. పక్క బల్ల మీదివాళ్లు తల తిప్పారు. "ఇంకో నలుగురు సదివెటోళ్లుంటే నేను ఊకుందును. ఎవడో ఒకడు దిద్దుతడనుకుందును. రేపు నేను పోతే గిది ఉత్త గీతలు. అప్పుడు నా తప్పే నిజమైతది, నిజం గీ బుక్కుల పండుకుంటది. నా మాట మీద మంది పొలాలు నిలవడ్డయ్ రఘూ. బడి సాలు కాడ అబద్దమాడితే గవన్నీ కూలవడ్తయ్."

రఘునందన్ రిజిస్టరును తన వైపు తిప్పుకున్నాడు. "మౌల్వీసాబ్ గిట్లనే చేసిండని చెప్పినరు గద, ఏదీ, సూపించున్రి" అన్నాడు చివరికి. కొట్టివేత చూశాడు. దాని పక్కన సంతకం చూశాడు. "సరే. జనవరికి జరుపుత. ముంబయోళ్లు తిడ్తరు, పడ్త. కార్డు మీద చీటీ అంటిస్త" అని లేచాడు. బండి ఎక్కేటప్పుడు కూడా మొహంలో చిరాకు పోలేదు. ఎలా పోతుంది, పనంతా అతని నెత్తిన పడింది.

ఇక మిగిలింది తాతారావు. మల్లేశయ్య తలెత్తి, "ఆ, ఇగ కానియ్. ఎంత సతాయిస్తవో సతాయించు" అన్నాడు.

తాతారావు గొంతు సవరించుకున్నాడు. "మల్లేశయ్య గారూ, ఆ పంద్రాగస్టునాడు నేను బడికే వెళ్లలేదండీ."

"ఏందీ?"

"జ్వరం. మంచం మీద ఉన్నాను. జెండా లేదు, పాడూ లేదు. మా అన్నయ్య తన లడ్డూలో సగం జేబులో పెట్టుకొచ్చి నాకిచ్చాడు. దాని నిండా జేబులోని దారప్పోగులు."

మల్లేశయ్య ఆయన వంక చూసి చూసి, కడుపు పట్టుకొని నవ్వాడు. "సగం లడ్డుకు నన్ను యాభై ఏండ్లు సతాయిస్తివి గదయ్యా!"

"అర లడ్డూ అయినా పంద్రాగస్టు లడ్డూయేనండీ" అన్నాడు తాతారావు. ఆ రోజు చాయ్ తనే తెప్పించాడు.

జనవరి రెండో వారంలో, పండగకు మూడు రోజుల ముందు, రంగులు వేసే పరమేష్ బడి గేటు దగ్గరికి వచ్చాడు. స్తంభం మీది పాత అంకెను గీకడానికి రేకుముక్క తీశాడు.

"ఆగు!" మల్లేశయ్య కర్ర పట్టుకొని గబగబా వచ్చాడు. "గీకొద్దు. ఒక్క గీత కొట్టు. పక్కపొంటి ఇరవై ఆరు రాయి."

"పండుగకు గిట్ల కొట్టేసి ఉంటే మంచిగుంటదా తాతా? వచ్చినోళ్లు నవ్వుతరు."

"నవ్వితే నవ్వనియ్. నువ్వు కొట్టు."

పరమేష్ రఘునందన్ వైపు చూశాడు. రఘునందన్ తలూపాడు. 1925 మీద సన్నటి ఎర్ర గీత పడింది, కింద అంకె కనబడేలాగే. పక్కన 1926 వచ్చింది. మల్లేశయ్య చేయి చాచాడు. "కుంచె ఇటియ్యి."

స్తంభం మీద అంకె ఛాతీ ఎత్తులోనే ఉంది గానీ ఎనభై ఏడేళ్ల చేయి అంతసేపు నిలపడం కష్టం. తాతారావు వెనక నుంచి వచ్చి ఆయన మోచేయి కింద అరచేయి పెట్టాడు. మల్లేశయ్య కుంచె ఆనించి, కుడి నుంచి ఎడమకు, చేయి ఎత్తకుండా గొలుసుకట్టు ఉర్దూలో సంతకం గీశాడు. దాని కింద తెలుగులో మళ్లీ రాశాడు, అందరూ చదివేలాగ: మల్లేశయ్య. అక్కడితో ఆపి కుంచె ఇచ్చేస్తాడనుకున్నారు. ఇవ్వలేదు. ఇంకొంచెం రంగు ముంచి, ఉర్దూ సంతకం పక్కన ఇంకో ముక్క రాశాడు.

"అదేమిటండీ?" అన్నాడు తాతారావు.

"ఇస్ఫందార్, పద్నాలుగువందల ముప్పై అయిదు ఫసలీ. ఈ నెల." మల్లేశయ్య వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు. "పదమూడువందల ముప్పై అయిదు ఇస్ఫందార్ల తెరిసిన్రు. నిండ నూరు. ఒక్క నెల గూడ కలిపే పన్లే, తీసే పన్లే."

"సంతకం చాలుగా, మళ్లీ నెల ఎందుకు?"

"ఈసారన్న నెల ఎయ్యాలె గద" అని మల్లేశయ్య కుంచె పరమేష్‌కు ఇచ్చి, చేతికంటిన ఎర్రరంగును ధోవతి కొంగుకు తుడుచుకున్నాడు.